పిక్క నొప్పి వయసు వల్లేనా?



కాలువ గట్టున కాస్త దూరం నడిస్తే పిక్క పట్టేస్తుంది, నిలబడితే తగ్గుతుంది. "వయసు మీద పడింది" అని సరిపెట్టుకుంటాం. కాని కాలి ధమనిలో కొవ్వు పేరుకొని రక్తం చాలకపోయినా ఇలాగే ఉంటుంది. అటువంటివారికి గుండెపోటు, పక్షవాతం భయం కూడా ఎక్కువే.

పరీక్ష సులువు. చీలమండ దగ్గర బి.పి.ని చేతి బి.పి.తో భాగిస్తారు. 0.90 గాని, అంతకు తక్కువ గాని వస్తే ధమని ఇరుకైనట్టు లెక్క.

వైద్యంలో మొదటిది చుట్ట, సిగరెట్టు మానడం. రెండోది నడక: నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, మళ్లీ నడవడం. 2025లో వెలువడిన 'స్ట్రైడ్' పరిశోధనలో ఈ జబ్బున్న 792 మంది షుగరు రోగులు పాల్గొన్నారు. వారానికోసారి సెమాగ్లుటైడ్ ఇంజక్షను ఏడాదిపాటు తీసుకున్నవారు, తీసుకోనివారికంటే ఎక్కువ దూరం నడవగలిగారు. అది డాక్టరు చెబితేనే సుమా!

పాదం చల్లబడి రంగు మారినా, పుండు మానకపోయినా పసర్లు కట్టుకుంటూ కూర్చోకండి. ఆ రోజే అమలాపురమో, కాకినాడో వెళ్లండి. ఆలస్యమైతే కాలే పోవచ్చు.