లాప్‌టాప్ తెర మొరాయిస్తే - ముందు పరీక్ష, తరువాత ఖర్చు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అమీర్‌పేట మైత్రీవనం దగ్గర నిలబడి తలెత్తితే కంప్యూటరు కోర్సుల బోర్డులే కనిపిస్తాయి. మన పిల్లలు చాలామంది ఆ మెట్లెక్కి నేర్చుకుని విదేశాలకు వెళ్ళారు. వారు కొనిచ్చిన లాప్‌టాప్‌లు మన దగ్గర ఉన్నాయి. అది మొరాయించగానే సంచిలో పెట్టుకుని అమీర్‌పేటకో, పంజాగుట్టకో బయలుదేరుతాం. బయలుదేరే ముందు ఇంట్లోనే పది నిమిషాలు పరీక్షించండి. నేను చెప్పదలచినది ఇంతే.

నిరుడు నా లాప్‌టాప్‌లో విండోస్ మళ్ళీ ఎక్కించాక అక్షరాలు లావై మసకబారాయి. వీడియోలో మనవరాలు ఆగి ఆగి కదిలేది. ఒక దుకాణంలో చూపిస్తే "బోర్డు పోయింది, మార్చాల"న్నారు. చెప్పిన ధర మా ఇద్దరి రెండు నెలల మందుల ఖర్చు! ఇంటికి తెచ్చాక మా మేనల్లుడు చూసి, "మామయ్యా, బోర్డుకేమీ కాలేదు, గ్రాఫిక్స్ డ్రైవరు లేదంతే" అన్నాడు. పైసా ఖర్చు లేకుండా బాగైంది.

డ్రైవరంటే ఒక చిన్న ప్రోగ్రాము. విండోస్ ఇచ్చే ఆజ్ఞను, తెరపై బొమ్మలు గీసే చిప్పుకు అర్థమయ్యేలా చెప్పే తర్జుమా గుమాస్తా అనుకోండి.

ఇక పరీక్ష. స్టార్ట్ గుర్తుపై మౌసు కుడి బటన్ నొక్కితే జాబితా వస్తుంది. అందులో డివైస్ మేనేజర్, దానిలో డిస్‌ప్లే అడాప్టర్స్ తెరవండి. ఇంటెల్, ఏఎండీ, ఎన్‌విడియాలలో ఒక పేరుండాలి. రెండున్నా కంగారు లేదు. "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉంటే అసలు ఉద్యోగి లేడు, ఇన్‌ఛార్జి పని నడుపుతున్నాడన్నమాట. పేరుపై రెండుసార్లు నొక్కి, డ్రైవర్ అన్నచోట తేదీ, వెర్షన్ కాగితంపై రాసుకోండి.

కొత్త డ్రైవరును రెండుచోట్ల నుంచే తీసుకోండి. ఒకటి, విండోస్ అప్‌డేట్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ఆప్షనల్ అప్‌డేట్స్. రెండు, మీ లాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ సైటులో మీ మోడల్ పేజీ. ముందుగా ముఖ్యమైన ఫైళ్ళు పెన్‌డ్రైవులో దాచుకోండి. ఛార్జరు తగిలించే ఉంచండి. మధ్యలో తెర క్షణంపాటు నల్లబడుతుంది, భయపడి ఆపేయవద్దు. పని అయ్యాక ఇంకా చెడితే, అదే డ్రైవర్ పేజీలో "రోల్ బ్యాక్ డ్రైవర్" నొక్కితే సాధారణంగా పాతది తిరిగి వస్తుంది.

అన్ని జబ్బులూ డ్రైవరువి కావు. లాప్‌టాప్ వేయగానే, విండోస్ రాకముందే, కంపెనీ ముద్రపై కూడా గీతలు కనిపిస్తే లోపం తెరదో, తీగదో, చిప్పుదో. అప్పుడు దుకాణానికి వెళ్ళవలసిందే. హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి కలిపి చూడండి. టీవీలో బొమ్మ బాగుంటే అనుమానం తెరమీదకే పోతుంది. ఆ సంగతి దుకాణంలో చెప్పండి. తెలిసినవారితో బేరం వేరుగా ఉంటుంది!

చివరిగా ఒక హెచ్చరిక. "మీ డ్రైవర్లు పాతబడ్డాయి, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని తెరపై వస్తే నమ్మవద్దు. మైక్రోసాఫ్టువారు తమంతట తాము మనకు ఫోన్ చేయరు. ఎవరో చెప్పారని లాప్‌టాప్‌ను దూరం నుంచి నడిపే యాప్ వేసుకోవద్దు, ఓటీపీ చెప్పవద్దు. పొరపాటున డబ్బు పోతే సిగ్గుపడి దాచకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ తెలపండి.

సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఫైలు చదవకుండా సంతకం పెట్టలేదు మనం. ఇప్పుడూ చూడకుండా డబ్బు కట్టవద్దు.