సగం చదివిన పుస్తకాలు

(ఒక మొహల్లాలో పఠనాలయ ప్రారంభ సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



పుస్తకాలతో నా అనుబంధాన్ని గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. ఇటువంటి సభల్లో వక్తలు తాము చదివిన గ్రంథాల పట్టికను వినిపించడం ఆనవాయితీ. నేనూ అటువంటి పట్టిక ఒకటి రాసుకొని వచ్చాను. అయితే నేను చదివిన పుస్తకాలకంటే, నా వల్ల మరొకరు చదవలేకపోయిన పుస్తకాల సంగతే ఈ వేదికమీద చెప్పడం న్యాయమని తోచింది.

మాది చిన్న పట్టణం. బస్టాండు పక్కన అబ్బాకు సైకిలు రిపేరు షాపు ఉండేది. మా ఇంట్లో మూడు లిపులు ఉండేవి. అమ్మీ ఫజర్ నమాజు తరువాత అరబీలో ఖురాన్ పారాయణం చేసేది. ప్రతి అక్షరాన్ని స్పష్టంగా పలికేది; దాని అర్థం మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు. మేము మాట్లాడుకునే భాష ఉర్దూ. దానిని చదవడం అబ్బాకు వచ్చు, మాకు రాదు. బడిలో నేర్చుకున్నది తెలుగు. దానిని చదవడం మాకు వచ్చు, అబ్బాకు రాదు. ఒకే కప్పు కింద బతుకుతూ ఒకరి పుస్తకం మరొకరికి తెరుచుకోని ఇల్లు మాది. ఈ సభలో ఉన్న అనేకుల ఇళ్లు కూడా అటువంటివేనని నాకు తెలుసు.

అబ్బా దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. సాయంత్రం షాపు ముందు బల్లమీద కూర్చుని, పక్క హోటలు నుంచి తెచ్చిన తెలుగు పత్రికను నేను ఆయనకు చదివి వినిపించాలి. హైదరాబాదు నుంచి ఒకరోజు ఆలస్యంగా వచ్చే 'సియాసత్'ను ఆయన నాకు చదివి వినిపించేవారు. ఒకే సంఘటన ఒక పత్రికలో మొదటి పేజీలోనూ మరొకదానిలో ఏడో పేజీలోనూ ఉండేది. ఏ ఒక్క పత్రికనూ నమ్మి అభిప్రాయం ఏర్పరచుకోరాదన్న పాఠం నాకు ఆ బల్లమీదనే, పదేళ్ల వయస్సులో అబ్బింది. నేటికీ నా మొదటి పఠన నియమం అదే.

ఏడో తరగతిలో ఉండగా అబ్బా డిపాజిట్టు కట్టి నన్ను శాఖా గ్రంథాలయంలో సభ్యునిగా చేర్పించారు. ఒకసారికి ఒక పుస్తకం, పదిహేను రోజుల గడువు. చందమామలతో మొదలుపెట్టి, శరత్‌బాబు అనువాదాలు, గోర్కీ 'అమ్మ' వరకు దొరికినవన్నీ చదివాను. నాలుగు రోజుల్లో ఒక నవల ముగించి ఐదో రోజున మరొకదానికోసం పరుగెత్తేవాణ్ణి.

చదువుతున్నకొద్దీ ఒక వెలితి తెలియవచ్చింది. ఆ పుస్తకాలలో పండుగలున్నాయి, ఈద్ లేదు. అమ్మలున్నారు, అమ్మీ లేదు. మా ఇంటివంటి ఇల్లు మొదటిసారి నాకు హిందీ పాఠ్యపుస్తకంలో, ప్రేమ్‌చంద్ 'ఈద్‌గా' కథలో కనబడింది. పండుగనాడు చేతిలో ఉన్న మూడు పైసలతో మిఠాయి కొనుక్కోకుండా, రొట్టెలు కాల్చేటప్పుడు చేతులు కాలకుండా నాయనమ్మకు పట్టకారు కొనితెచ్చిన హామిద్ కథ అది. రెండోసారి శరత్ 'మహేశ్' కథలో కనబడింది. కరువులో తన ఎద్దుకు గడ్డి పెట్టలేక కుమిలిపోయే గఫూర్ కథ అది. హామిద్ నాయనమ్మ పేరు అమీనా. గఫూర్ కూతురి పేరూ అమీనాయే. ఈ రెండు కథలనూ రాసినవారు ముస్లింలు కారు. తన పొరుగింటి గడప లోపలికి చూడగలిగిన రచయితే గొప్పవాడన్న విశ్వాసం అప్పుడే కలిగింది. మన గడపలోని సంగతి మనమెందుకు రాసుకోలేదన్న ప్రశ్న కూడా అప్పుడే పుట్టింది.

ఇక అసలు విషయానికి వస్తాను. నాకంటే రెండేళ్లు చిన్నదైన చెల్లెలు ఉంది. ఏడో తరగతి తరువాత ఆమెను బడి మాన్పించారు. ఉన్నత పాఠశాల ఊరికి అవతలి చివర ఉండేది. తోడు వెళ్లేవారు లేరన్నది ఇంట్లో చెప్పిన కారణం. ఆ దారినే నేను రోజూ సైకిలుమీద వెళ్లేవాణ్ణి. నేను తోడు తీసుకువెళతానని ఒక్కసారి కూడా అనలేదు.

ఆమె ఇంట్లో బట్టలు కుట్టేది. మధ్యాహ్నం అందరి భోజనాలూ ముగిశాక, వంటింటి గడప దగ్గర కూర్చుని నేను తెచ్చిన గ్రంథాలయ పుస్తకాన్ని చదివేది. ఆపిన చోట గుర్తుగా కుట్టుదారం పోగు ఒకటి పెట్టేది. 'ఇంకో రెండు రోజులు ఉంచు భాయ్, నాదీ అయిపోతుంది' అని మొదట్లో అడిగేది. గడువు ఇంకా పదిరోజులు ఉన్నా నేను ఉంచేవాణ్ణి కాదు. కొత్త పుస్తకంమీద నాకు అంత ఆత్రం. ఆ దారం పోగును తీసి పారవేసి, పుస్తకాన్ని తిరిగి ఇచ్చివేసేవాణ్ణి. కొంతకాలానికి ఆమె అడగడం మానేసింది. దారం పెట్టడం మాత్రం మానలేదు.

ముప్ఫై ఏళ్ల తరువాత ఒక రంజాన్ నెలలో ఆమె ఇంటికి ఇఫ్తారుకు వెళ్లాను. డిగ్రీ చదువుతున్న ఆమె కూతురు, 'అమ్మీ, నువ్వు ఎంతవరకు చదివావు?' అని అడిగింది. చెల్లెలు నవ్వుతూ, 'ఏడో తరగతి, ఆపైన ఒక యాభై సగం పుస్తకాలు' అంది. ఆ మాటలో నింద లేదు. కాసేపటి తరువాత నావైపు తిరిగి, 'భాయ్, గఫూర్ ఎద్దు చివరికి బతికిందా?' అని అడిగింది.

నేను సమాధానం చెప్పలేదు. మరుసటి వారం ఆ కథల పుస్తకాన్ని కొని ఆమె చేతికిచ్చాను. ముప్ఫై ఏళ్ల ఆలస్యానికి ఏ గ్రంథాలయమూ విధించలేని జరిమానా అది.

ఇటువంటి సభల్లో మనం 'ఇఖ్రా' అన్న పదాన్ని గర్వంగా ఉచ్చరిస్తాము. చదువుమన్నదే తొలి ఆజ్ఞ అని పిల్లలకు చెబుతాము. ఆ ఆజ్ఞ కొడుకులకు మాత్రమేనని ఎక్కడా లేదు. మన చరిత్రలో నాకంటే మంచి అన్నలు ఉన్నారు. 1880లో బెంగాల్‌లోని పైరాబంద్ గ్రామంలో జన్మించిన రొకేయాకు ఇంట్లో బెంగాలీ, ఇంగ్లీషు నేర్చుకునే అనుమతి లేదు. ఇల్లంతా నిద్రపోయాక ఆమె అన్న ఇబ్రహీం కొవ్వొత్తి వెలుగులో ఆ రెండు భాషలూ నేర్పాడు. ఆమె 1905లో ఇంగ్లీషులో 'సుల్తానాస్ డ్రీమ్' రాసింది. 1911లో కలకత్తాలో ముస్లిం బాలికల కోసం పాఠశాల నెలకొల్పింది. ఒక అన్న వెలిగించిన కొవ్వొత్తి అంతదూరం వెలుగునిచ్చింది.

సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదికను మనం తరచుగా ఉదహరిస్తాము. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యత 64.8 శాతం కాగా ముస్లింలలో 59.1 శాతం, ముస్లిం స్త్రీలలో 50.1 శాతం మాత్రమే. ఈ అంకెలను ప్రభుత్వం ముందు పెట్టి అడగవలసిందే. అయితే ఆ లెక్కలో మా చెల్లెలు అక్షరాస్యురాలు. అక్షరం వచ్చి, పుస్తకం అందని మనిషిని లెక్కించే గడి ఏ పట్టికలోనూ లేదు. ఆ గడిని నింపవలసింది ప్రభుత్వమూ, మనమూ కూడా.

మనం రాయలేదన్న నా చిన్ననాటి ప్రశ్నకు తరువాత సమాధానం దొరికింది. పిఠాపురానికి చెందిన ఉమర్ ఆలీషా తెలుగులో కావ్యాలు, నాటకాలు రాశారనీ, ఖయ్యాం రుబాయీలను తెనిగించారనీ నాకు నడివయస్సులో తెలిసింది. ఆయన 1945లోనే కన్నుమూశారు. మనవారు రాశారు, మనకు ఎవరూ చూపలేదు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఆ తరువాత 'జల్‌జలా' కవితా సంకలనం, ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు', 'వతన్' కథా సంకలనం, షాజహానా 'నఖాబ్' వచ్చాయి. అమ్మీ, అబ్బా, నానీమా అన్న పిలుపులు తెలుగు అచ్చులో కనబడ్డాయి. ఈ పఠనాలయంలో ఆ పుస్తకాలు పై అరలో కాక, పిల్లల చేతికి అందే అరలో ఉండాలని నా కోరిక.

నా ప్రస్తుత అలవాట్లు చెప్పమని అడిగారు కనుక క్లుప్తంగా చెబుతాను. ఫజర్ తరువాత అరగంట చదువుతాను. ఆ సమయంలో ఫోను మరో గదిలో ఉంటుంది. చేతిలో పెన్సిలు ఉంచుకుంటాను. మనల్ని విమర్శించే పుస్తకాలనూ చదువుతాను. చదవకుండా జవాబు చెప్పడం అన్యాయం. ఉర్దూ చదవడం యాభయ్యో ఏట నేర్చుకున్నాను. అబ్బా మిగిల్చిపోయిన పుస్తకాలను ఇప్పుడు నెమ్మదిగా, కూడబలుక్కుంటూ చదువుతున్నాను. పుస్తకం అరువు ఇస్తే నోటుపుస్తకంలో రాసుకుంటాను గాని గడువు పెట్టను.

చివరిగా మన హక్కు విషయం. 1960నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం చెల్లించే ఇంటిపన్నుమీద రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరవలసిన సొమ్ము. ఈ మొహల్లాలోని ప్రతి ఇల్లూ దానిని చెల్లిస్తోంది. అద్దెకున్నవారు అద్దెలో చెల్లిస్తున్నారు. కనుక ఇక్కడికి ఒక శాఖా గ్రంథాలయం కావాలని అడగడం యాచన కాదు. అందులో తెలుగుతోపాటు ఉర్దూ పుస్తకాలు కావాలని అడగడమూ యాచన కాదు. 1901లో హైదరాబాదులో తెలుగుకు ఆదరణ లేని రోజుల్లో కొందరు పెద్దలు శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయాన్ని స్థాపించి తమ భాషను నిలుపుకొన్నారు. తమ భాషకు చోటు లేదనుకున్న ప్రజలు ముందుగా కట్టుకున్నది గ్రంథాలయాన్ని. ఆ అనుభవం మనందరిదీ.

ప్రభుత్వాన్ని అడిగే అర్జీమీద సంతకం చేసేముందు మన ఇళ్లల్లో ఒక పని చేద్దాం. ఈ పఠనాలయంలో సభ్యత్వ కార్డు కొడుకు పేర ఒకటి తీసుకుంటే కూతురి పేర మరొకటి తీసుకుందాం. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు స్త్రీల కోసం తలుపులు తెరిచి ఉంచుతామని నిర్వాహకులు నాకు మాట ఇచ్చారు. ఆ మాటను నిలబెట్టుకోవాలని మీ అందరి ఎదుట కోరుతున్నాను.

నా వంతుగా ఈ రోజు రెండు వందల పుస్తకాలు ఇస్తున్నాను. వాటిలో శరత్ కథల సంపుటం ఒకటి ఉంది. మా చెల్లెలు చదివి పంపినది. మధ్యలో ఎక్కడైనా దారం పోగు కనబడితే, దయచేసి తీయకండి.