ఆట లిజ్జీది, పేరు ఇంకొకరిది



వైకుంఠపాళి మీకు తెలుసు. అష్టాచెమ్మా తెలుసు. అరుగు మీద సుద్దముక్కతో గళ్లు గీస్తారు. గవ్వలో చింతపిక్కలో వేసి ఆడతారు. ఈ ఆటలు మొదట ఎవరు కల్పించారు? ఎవరికీ తెలియదు. వాళ్ల పేరు ఎక్కడా రాసి లేదు.

తన ఆటకు తన పేరు రాయించుకున్న ఒకామె ఉంది. ఆమె పేరు లిజ్జీ మేగీ. అమెరికా దేశంలో 1866లో పుట్టింది. ఆఫీసులో స్టెనోగా పనిచేసేది.

లిజ్జీకి ఒక బాధ ఉండేది. భూమి కొందరి చేతుల్లోనే ఉంది. వాళ్లు కూర్చుని అద్దెలు తింటున్నారు. అద్దె కట్టేవాళ్లు ఎంత కష్టపడినా పైకి రాలేకపోతున్నారు. ఈ సంగతి జనానికి చెప్పాలి. ఎలా? ఉపన్యాసం ఇస్తే ఎంతమంది వింటారు? అదే ఆట అయితే ఆడుతూ నేర్చుకుంటారు.

అందుకని ఆమె ఒక పటం గీసింది. నాలుగు వైపులా గళ్లు. పాచికలు వేసి కాయ జరపాలి. భూములు కొనుక్కోవాలి. ఇంకొకరి భూమిలో కాయ ఆగితే అద్దె కట్టాలి. ఒక చుట్టు పూర్తయితే కూలి వస్తుంది. ఒక మూల జైలు కూడా ఉంది. దానికి 'భూస్వామి ఆట' అని పేరు పెట్టింది.

1903లో లిజ్జీ పేటెంటుకు దరఖాస్తు పెట్టింది. పేటెంటు అంటే, 'ఇది ఫలానా వారు కనిపెట్టారు, వారిని అడక్కుండా ఎవరూ తయారు చేసి అమ్మకూడదు' అని సర్కారు ఇచ్చే కాగితం. 1904లో అది ఆమె చేతికి వచ్చింది. 1906లో న్యూయార్కులో ఆట అచ్చయింది.

ఆట నచ్చినవాళ్లు దాన్ని చూసి ఇంట్లోనే పటాలు గీసుకున్నారు. గుడ్డ మీద గీశారు. చెక్క మీద గీశారు. తమ ఊరి వీధుల పేర్లు రాసుకున్నారు. అలా ఆట ఊరూరా తిరిగింది. లిజ్జీ పేరు మాత్రం దానితో తిరగలేదు. మొదటి పేటెంటు గడువు తీరాక, 1924లో ఆటను మార్చి ఆమె మళ్లీ పేటెంటు తీసుకుంది.

1930ల్లో అమెరికాలో పనులు దొరకని కాలం వచ్చింది. చార్లెస్ డారో అనే ఆయనకు ఉద్యోగం లేదు. తెలిసినవాళ్లతో ఈ ఆట ఆడాడు. నియమాలు రాయించుకున్నాడు. పటాలు తయారు చేసి 'మోనోపలీ' అనే పేరుతో అమ్మాడు. 1935లో పార్కర్ బ్రదర్స్ అనే కంపెనీ ఆయన దగ్గర ఆట కొన్నది. అమ్మిన ప్రతి ఆటకూ ఆయనకు వాటా ఇచ్చింది. డారో కోటీశ్వరుడయ్యాడు.

మరి లిజ్జీ సంగతి? కంపెనీ అదే ఏడాది ఆమె పేటెంటు కూడా కొన్నది. ఎంతకు? 500 డాలర్లకు. అంతే. అమ్మకాల్లో వాటా లేదు. 1936లో ఆమె తన పాత పటాలను పత్రికల వాళ్లకు చూపించింది. 1948లో కన్నుమూసింది. 1970ల్లో ఒక కోర్టు కేసు నడిచింది. అప్పుడు పాత కాగితాలు వెతికితే ఆమె పేరు మళ్లీ బయటపడింది.

లిజ్జీకి చదువు ఉంది. హక్కు కాగితం ఉంది. అయినా వాటా లేకుండా అమ్మేసింది. ఒక్క సంతకంతో హక్కు చేయి మారిపోయింది.

మన దేశంలో సంగతి ఏమిటి? ఆట ఆడే పద్ధతికి ఇక్కడ పేటెంటు ఇవ్వరు. కానీ మీరు గీసిన పటం, రాసిన నియమాలు మీవే. దీన్ని కాపీరైటు అంటారు. ఇది 1957 నాటి చట్టం. రిజిస్టరు చేయించకపోయినా హక్కు ఉంటుంది. చేయిస్తే రుజువుగా పనికొస్తుంది. ఆట పేరును ట్రేడ్‌మార్కుగా విడిగా రిజిస్టరు చేయించుకోవచ్చు.

మీలో ఎవరైనా కొత్త ఆట కల్పిస్తే ఇలా చేయండి. నియమాలు కాగితం మీద రాయండి. పేరు, తేదీ వేయండి. ఆ కాగితం పక్క వీధి వాళ్లకు ఇవ్వండి. మీరు నోరు విప్పకండి. చదువుకుని వాళ్లంతట వాళ్లు ఆడగలిగితే ఆట సిద్ధమైనట్టే. ఎక్కడ తడబడితే అక్కడ మళ్లీ రాయండి.

అచ్చు వేస్తామని ఎవరైనా వస్తే నోటిమాట మీద హక్కు ఇవ్వకండి. కాపీరైటు ఇవ్వాలంటే రాతపూర్వకంగానే ఇవ్వాలి. ఆ కాగితంలో మూడు సంగతులు చూడండి. డబ్బు ఒక్కసారేనా, అమ్మిన ప్రతి ఆటకూ వాటా ఉందా? ఎన్నేళ్లకు ఇస్తున్నారు? పెట్టె మీద ఎవరి పేరు వేస్తారు? ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లకే ఇచ్చినట్టు అని చట్టం చెబుతోంది.

తొందరపెడితే ఒప్పుకోకండి. 'రేపు చెబుతాం' అనండి. కాగితం ఇంటికి తెచ్చుకోండి. కూడబలుక్కుని అయినా సరే, చివరి అక్షరం దాకా చదవండి. అర్థం కాని మాట కింద గీత గీసి, తెలిసినవారిని అడగండి. ఆ తర్వాతే సంతకం.