అమ్మకానికి లేని దేహం

జీవనైతికత అనగా వైద్యమూ జీవశాస్త్రమూ మనిషి చేతికిచ్చిన కొత్త శక్తులలో వేటిని వాడవచ్చునో, వేటిని వాడరాదో విచారించే శాస్త్రం. ఆ విచారణలో సంప్రదాయవాదమంటే అవయవమార్పిడినీ సంతానసాఫల్య చికిత్సనూ గుడ్డిగా ఎదిరించే ఛాందసమేనన్న అపోహ చదువుకున్నవారిలోనే ఎక్కువగా కనిపిస్తుంది. నిజానికి సంప్రదాయవాదానికి మూలసూత్రం ఒక్కటే: మనిషి గౌరవం అతని ఆరోగ్యం మీదా, తెలివి మీదా, సంపాదన మీదా ఆధారపడదు కనుక, అతని దేహాన్ని సరుకుగా లెక్కగట్టే హక్కు ఎవరికీ లేదు, చివరకు అతనికి కూడా లేదు. ధర కలిగినవాటిని గౌరవం కలిగినవాటి నుంచి వేరుచేస్తూ జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1785లో చేసిన విభజన ఇదే. శ్రీకాళహస్తి కన్నప్పను తరతరాలుగా కొలుస్తున్న తెలుగువారికి, కళ్లు ఇవ్వడానికీ అమ్మడానికీ ఉన్న అంతరం కొత్త సంగతి కాదు.

గురుగ్రామ్‌లో ఈ విషయం చర్చకు వచ్చినప్పుడు 2008 జనవరిని దాటవేయడం న్యాయం కాదు. అప్పటికింకా గుడ్‌గావ్‌గానే ఉన్న ఈ ఊరిలో, మొరాదాబాద్‌లో అందిన ఫిర్యాదు ఆధారంగా పోలీసులు పాలం విహార్ ప్రాంతంలోని ఒక ఇంటి మీద దాడి చేయగా, పని ఇప్పిస్తామని తీసుకువచ్చిన పేద కూలీల మూత్రపిండాలను తీసి, విదేశీయులతో సహా డబ్బున్న రోగులకు అమర్చే వ్యాపారం బయటపడింది. కొందరిని డబ్బు ఆశ చూపి ఒప్పించారు, కొందరిని బెదిరించారు. ప్రధాన నిందితుడు అమిత్ కుమార్ మరుసటి నెల నేపాల్‌లో పట్టుబడగా, 2013 మార్చిలో సీబీఐ ప్రత్యేక న్యాయస్థానం అతనికి ఏడేళ్ల జైలు విధించింది. అవయవ వ్యాపారాన్ని నిషేధించిన 1994 నాటి కేంద్ర చట్టంలో జైలుశిక్ష రెండు నుంచి ఏడేళ్లు కాగా, జరిమానా పది వేల నుంచి ఇరవై వేల రూపాయలు మాత్రమే. ఒక మనిషి మూత్రపిండాన్ని దొంగసొత్తులా అమ్మినవాడికి అది జరిమానా అనిపించుకోదు. 2011 సవరణ దానిని ఇరవై లక్షల నుంచి కోటి రూపాయలకూ, జైలుశిక్షను అయిదు నుంచి పదేళ్లకూ పెంచింది.

ఇక్కడే ఒక పుకారును గట్టిగా ఖండించవలసి ఉంది. పిల్లలను ఎత్తుకుపోయి కిడ్నీలు కోసుకునే ముఠాలు తిరుగుతున్నాయన్న సందేశాలు ఫోన్లలో ఆగకుండా చేతులు మారుతూనే ఉంటాయి. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయేవారన్న వదంతులను నమ్మి తెలుగు రాష్ట్రాలలో అమాయకులను కొట్టి చంపారు. మూత్రపిండం అమర్చాలంటే రక్తవర్గం కుదరాలి, కణజాల పరీక్ష జరగాలి, దాత కణాల మీద గ్రహీత రక్తం దాడి చేయదని తేలాలి, శస్త్రచికిత్స గదీ మత్తువైద్యుడూ నర్సులూ సిద్ధంగా ఉండాలి. బజారులో దొరికిన బిడ్డతో ఇవేవీ సాధ్యం కావు. అసలు నేరం దళారులతో, దొంగ కాగితాలతో, అర్హత గల వైద్య సిబ్బంది సహకారంతో నడుస్తుంది. పుకారును పంచేవారు ఆ దళారికి తెలియకుండానే కాపలా కాస్తున్నారు.

ఇంతకంటే మర్యాదగా కనిపించే మరో అపోహ, చట్టబద్ధంగా అమ్మనిస్తే పేదవాడికి డబ్బు, రోగికి ప్రాణం దక్కుతాయన్నది. దీనికి సమాధానం సిద్ధాంతంలో కాదు, చెన్నైలో ఉంది. అక్కడ మూత్రపిండం అమ్ముకున్న 305 మందిని పరిశీలించి 2002లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, వారిలో 96 శాతం మంది అప్పు తీర్చడానికే అమ్మారు. అమ్మిన తరువాత కుటుంబ ఆదాయం సగటున మూడో వంతు తగ్గింది. దాదాపు నాలుగింట మూడు వంతుల మందికి అప్పు అలాగే ఉంది. ఇతరులకు ఈ పని చేయమని చెప్పబోమన్నవారు 79 శాతం. అప్పులవాడు ముందు నిలబడి ఉండగా పెట్టిన సంతకాన్ని స్వేచ్ఛాసమ్మతి అనడం ఆ పేదవాడికి చేసే రెండో అన్యాయం. మానవ గౌరవమన్న భావనే పనికిరానిదని 2003లో జీవనైతికవేత్త రూత్ మాక్లిన్ రాసినప్పుడు, సమ్మతి ఉంటే చాలునన్న వాదానికి బలం చేకూరింది. ఆ వాదాన్ని లియోన్ కాస్ వంటి సంప్రదాయవాదులు ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడం సరైనదే.

అయితే సంప్రదాయవాదం మార్పుకు శత్రువు కాదు. మెదడు కాండం శాశ్వతంగా పనిచేయడం మానితే, గుండె ఇంకా కొట్టుకుంటున్నా మరణంగా అంగీకరించడం పెద్ద సాంస్కృతిక మార్పు. 1994 చట్టం దానిని గుర్తించింది, 2013లో మొదలైన జీవన్‌దాన్ పథకం దాని మీదే నిలిచి తెలుగునాట మరణానంతర దానాన్ని ఒక క్రమపద్ధతిలోకి తెచ్చింది.

తక్కిన అంశాలను క్లుప్తంగా చెప్పుకుందాం. 2021 సరొగసీ చట్టం, అంటే మరొకరి బిడ్డను గర్భంలో మోసి ఇవ్వడాన్ని నియంత్రించే చట్టం, డబ్బు కోసం గర్భాన్ని అద్దెకివ్వడాన్ని నిషేధించి, వైద్యఖర్చులూ బీమా తప్ప ప్రతిఫలం లేని పద్ధతినే అనుమతించింది. ఇది దేహం సరుకు కాదన్న మూలసూత్రానికి నేరుగా వర్తింపు. 2004లో కండరాల క్షీణతతో మరణానికి చేరువైన 25 ఏళ్ల హైదరాబాద్ యువకుడి అవయవాలను ప్రాణముండగానే తీసి ఇతరులకు ఇవ్వనివ్వాలని కుటుంబం కోరగా ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నిరాకరించింది. అతని ఉదారత ఎంత గొప్పదైనా, దాత మరణానికి వైద్యుడు కారణం కాకూడదన్న నియమం అంతకంటే విలువైనది. ప్రాణం తీయడం వేరు, వ్యర్థమైన చికిత్సను ఆపి సహజమరణాన్ని రానివ్వడం వేరు. సుప్రీంకోర్టు 2018లో ఈ రెండోదానికే అనుమతినిచ్చి, తెలివి తప్పిన తరువాత ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టే పత్రాన్ని గుర్తించింది. ఆ పత్రానికి మొదట్లో మేజిస్ట్రేట్ సంతకం కావలసి వచ్చేది. 2023 జనవరి సవరణ తరువాత ఇద్దరు సాక్షులతో పాటు నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరిస్తే సరిపోతుంది.