విటమిన్ ఎ తాళంచెవి అయితే, తాళం ఎక్కడుంది?

విటమిన్ ఎ అనగానే మనకి గుర్తొచ్చేది కళ్ళు, క్యారెట్. కానీ మొటిమల టాబ్లెట్‌కి, ఒక రకం బ్లడ్ క్యాన్సర్ మందుకి, కడుపులో బిడ్డ ఎదుగుదలకి కూడా దీంతో లింకు ఉంది. ఆ లింకు ఒక ప్రోటీన్. ఈ ఎపిసోడ్ దాని గురించే.

ఈ మధ్య ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. ఆన్‌లైన్‌లో ‘రీకాంబినెంట్ హ్యూమన్ విటమిన్ ఎ రిసెప్టర్’ అని అమ్ముతున్నారన్నా, వాడితే చూపు బాగవుతుందా అని. అవ్వదు తమ్ముడూ. అది ల్యాబుల కోసం మైక్రోగ్రాముల లెక్కన అమ్మే ప్రోటీన్. తినేదీ కాదు, ఇంజెక్షన్ చేయించుకునేదీ కాదు.

అసలు రిసెప్టర్ అంటే ఏంటి? గోంగూర, మునగాకు, క్యారెట్‌లో ఉండే బీటా కెరోటిన్ మన ఒంట్లో విటమిన్ ఎగా మారుతుంది. మన గుంటూరు ఎండుమిర్చిలో కూడా బీటా కెరోటిన్ ఉంది. కాకపోతే కల్లాల్లో కళ్ళు చెదిరేలా కనిపించే ఆ ఎరుపు ఎక్కువగా క్యాప్సాంథిన్ అనే రంగుది, అది విటమిన్‌గా మారదు. విటమిన్ ఎలో కొంత కంట్లో వెలుతురు పట్టుకునే పనికి పోతుంది. ఇంకొంత రెటినోయిక్ యాసిడ్‌గా మారి, కణం మధ్యలో ఉండే కేంద్రకంలోకి వెళ్ళి, ఆర్ఏఆర్ అనే ప్రోటీన్‌కి అతుక్కుంటుంది. యాసిడ్ తాళంచెవి, ఆర్ఏఆర్ తాళం. తాళం తెరుచుకుంటే కొన్ని జీన్లు పని మొదలుపెడతాయి. చర్మం, రక్తకణాలు, గర్భంలో బిడ్డ అవయవాలు సరిగ్గా తయారవడానికి ఇది కావాలి. 1987లో అమెరికాలో రోనాల్డ్ ఎవాన్స్ టీమ్, ఫ్రాన్స్‌లో పియర్ షాంబోన్ టీమ్ విడివిడిగా ఈ తాళాన్ని కనిపెట్టాయి.

మరి ‘రీకాంబినెంట్’ అంటే? పత్తి వేసే ఇంట్లో పుట్టినవాళ్ళకి ఇది ఈజీ. 2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. మట్టిలో ఉండే ఒక బాక్టీరియా జీన్‌ని పత్తి మొక్కలో పెడితే, కాయతొలుచు పురుగుని చంపే ప్రోటీన్‌ని మొక్కే తయారుచేసుకుంటుంది. ఇక్కడ దానికి రివర్స్. మనిషి జీన్‌ని ఈ.కోలి లాంటి బాక్టీరియాలో పెడతారు. అది పెరుగుతూ మనిషి ప్రోటీన్‌ని తయారుచేస్తుంది. దాన్ని వేరుచేసి, శుద్ధి చేసి, ఫ్రీజర్‌లో దాస్తారు.

దాంతో ఏం చేస్తారు? కోడ్ రాసేవాళ్ళకి తెలుసు, యాప్ మొత్తం నడపకుండా ఒక్క ఫంక్షన్‌నే విడిగా టెస్ట్ చేస్తాం. ఇదీ అంతే. కొత్త మందు ఈ తాళంలో పడుతుందా లేదా అని, మనిషి ఒంట్లోకి ఎక్కించకముందే ట్యూబులో చూస్తారు.

ఈ తాళం పాడైతే ఏమవుతుందో ఏపీఎల్ అనే బ్లడ్ క్యాన్సర్‌లో తెలుస్తుంది. అందులో ఆర్ఏఆర్ జీన్ తెగి, ఇంకో జీన్‌తో అతుక్కుపోతుంది. దాంతో తెల్ల రక్తకణాలు ఎదగకుండా మధ్యలోనే ఆగిపోతాయి. షాంఘై డాక్టర్లు 24 మంది రోగులకి రెటినోయిక్ యాసిడ్ ఇచ్చి, 1988లో ఫలితాలు ప్రచురించారు. ఆగిపోయిన కణాలు మళ్ళీ ఎదిగాయి. ఒకప్పుడు రక్తస్రావంతో రోజుల్లో ప్రాణం తీసిన జబ్బు, ఈరోజు టైమ్‌కి పట్టుకుంటే ఎక్కువమందికి నయమవుతోంది.

ఇప్పుడు అసలు పాయింట్. మొటిమలకి వాడే ఐసోట్రెటినోయిన్ కూడా ఈ కుటుంబానికి చెందినదే. ఫ్రెండ్‌కి తగ్గిందని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేవాళ్ళు మనలో ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. బిడ్డ అవయవాలు ఏర్పడే టైమ్‌లో ఈ తాళాలు సరైన చోట, సరైన రోజున తెరుచుకోవాలి. బయటనుంచి మందు వచ్చి అన్నిటినీ ఒకేసారి తెరిస్తే బిడ్డ గుండె, మెదడు, ముఖం దెబ్బతినొచ్చు. అందుకే గర్భిణులు ఇది అస్సలు వాడకూడదు. అమ్మాయిలు మందు వాడుతున్నప్పుడు, ఆపేశాక కనీసం ఒక నెల గర్భం రాకుండా చూసుకోవాలి. స్కిన్ డాక్టర్‌ని అడక్కుండా మొదలుపెట్టొద్దు. దీంతోపాటు విటమిన్ ఎ టాబ్లెట్లు కూడా వేసుకోవద్దు.

అలాగని విటమిన్ ఎ అంటే భయపడొద్దు. ఇంట్లో చంటిపిల్లలుంటే 9వ నెలలో మొదలయ్యే విటమిన్ ఎ సిరప్ తప్పకుండా వేయించండి. 1970లో దేశమంతా మొదలైన ఆ కార్యక్రమం వెనక మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధన ఉంది. అది లెక్కగట్టి ఇచ్చే డోసు. పెద్దవాళ్ళకి మాత్రం ఆకుకూరలు, బొప్పాయి, పచ్చడిలో కాస్త నూనె చాలు. నూనె ఉంటేనే ఇది ఒంటికి బాగా పడుతుంది.

మొటిమల టాబ్లెట్ వాడుతున్న మీ అక్కకో, చెల్లికో, ఫ్రెండ్‌కో ఈ వీడియో పంపండి.