ఒకరు వేసిన ముడి

తాటిచెట్టు నెక్కబోవు గీతపనివాడు ముందుగా తన మోకును చేతితో తడిమి చూచుకొనును. నార తెగినదేమో, ముడి వదులైనదేమో అతని వ్రేళ్లకు తెలియును. ఆ మోకు అతనిది. దానిపై ఆనుకొన్న ప్రాణమును అతనిదే. కనుక ఆ పరీక్ష చేయుమని అతనికి వేరొకరు చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మరొక దృశ్యమును ఊహింపుడు. అమెరికాలో ఒక వేసవి శిబిరము. 30 అడుగుల ఎత్తున రెండు స్తంభముల నడుమ ఉక్కు తాడు కట్టియున్నది. 12 ఏండ్ల బాలిక దానిపై అడుగు వేయుచున్నది. ఆమె నడుమున పట్టీ ఉన్నది. ఆ పట్టీ తలపైనున్న మరొక ఉక్కు తాడునకు తగిలించబడినది. క్రింద స్నేహితురాండ్రు కేకలు వేసి ఉత్సాహపరచుచున్నారు. ఆ ఉక్కు తాడు కొసను బిగించినవాడెవడో ఆమె ఎరుగదు. ఎన్నడు బిగించెనో ఎరుగదు. ఎక్కువారును కట్టినవారును ఒకరినొకరు ఎరుగని చోట వారి నడుమ నిలువవలసినది ప్రమాణము. నేటి ప్రసంగము దానిని గూర్చియే.

ఇట్టి క్రీడాస్థలములను అచ్చట 'రోప్స్ కోర్సు' అనియు, 'ఛాలెంజ్ కోర్సు' అనియు అందురు. జర్మనీనుండి బ్రిటనుకు వచ్చిన విద్యావేత్త కుర్ట్ హాన్, లారెన్స్ హోల్ట్ తోడ్పాటుతో 1941లో వేల్సులోని అబర్‌డవీలో 'ఔట్‌వర్డ్ బౌండ్' పాఠశాలను నెలకొల్పెను. యువకులలో ధైర్యమును, పరస్పర విశ్వాసమును పెంపొందించుట దాని ఆశయము. 1962లో ఈ ఉద్యమము అమెరికాలోని కొలరాడో పర్వతములకు చేరినది. 1971లో మసాచుసెట్సు రాష్ట్రమున 'ప్రాజెక్ట్ అడ్వెంచర్' అను పథకము దీనిని సాధారణ పాఠశాలలోనికి తెచ్చినది. కోర్సులు పెరిగినకొలదియు, అందరును అంగీకరించు నియమముల అవసరము కూడ పెరిగినది. 1993లో నిర్మాతలు కలిసి 'అసోసియేషన్ ఫర్ ఛాలెంజ్ కోర్స్ టెక్నాలజీ' అను సంఘమును స్థాపించిరి. ఆ సంఘపు నియమావళి 2016లో అమెరికా జాతీయ ప్రమాణముగా వెలువడినది.

ఈ నియమములు పట్టించుకొను వస్తువులు చూచుటకు చాల చిన్నవి. అంగుళములో 8వ వంతులు 3 మాత్రమే మందముగల ఉక్కు తాడును తీసికొందము. అది మన చిటికెన వ్రేలికంటె సన్ననిది. దానిలో 7 పేటలు, పేటకు 19 తీగలు, వెరసి 133 తీగలుండును. అది 14,400 పౌనుల లాగుడునకు ఓర్చును. కాని ఉక్కు తాడును నూలుతాడు వలె ముడివేయ వీలులేదు. కొసను మడిచి, మెలిక చేసి, ఆ మెలికలో తాడు నలగకుండ లోహపు గాడి ఒకటి అమర్చి, మడిచిన భాగమును క్లిప్పులతో బిగింతురు. తాడు బలము ఎంతైనను ఆ కొస ఓర్చినంతవరకే మనకు దక్కును.

ఒక విధమైన క్లిప్పులో గుఱ్ఱపు నాడావలె వంచిన బోల్టు ఒకటి, దాని రెండు కాళ్లను కలుపు దిమ్మ ఒకటి, నట్టులు రెండు ఉండును. దిమ్మకు తాడు పేటలకు సరిపడు గాళ్లుండును గనుక, అది తాడును విశాలముగా పట్టుకొనును. వంచిన బోల్టు అట్లు కాదు. అది తాడును నొక్కి నలుపును. కనుక దిమ్మ ఎల్లప్పుడును భారము మోయు తాడువైపుననే ఉండవలెను. బోల్టు నొక్కుడు భారము లేని పొట్టి కొసపై పడవలెను. దిమ్మకు అచ్చటి పనివారి భాషలో జీను అని పేరు. పొట్టి కొసను చచ్చిన కొస అందురు. అందుచేత వారు కొత్తవారికి చెప్పు మొదటి పాఠము: 'చచ్చిన గుఱ్ఱమునకు జీను వేయకుము.' సరిగా వేసిన క్లిప్పులు తాడు బలములో నూటికి 80 వంతులు నిలుపును. తలక్రిందులుగా వేసినచో ఆ లెక్క చెల్లదు.

ఈ మందపు తాడునకు కనీసము 2 క్లిప్పులు, ఆరున్నర అంగుళముల మడత, అడుగు పొడవు రెంచి కొసన 45 పౌనుల బలముతో లాగినంత బిగువు ఉండవలెనని ఒక తయారీదారుల పట్టిక చెప్పుచున్నది. క్లిప్పు పోత ఇనుముది గాక, కాల్చి కొట్టిన ఉక్కుదై ఉండవలెను. రెండును చూపునకు ఇంచుమించు ఒక్క తీరుననే ఉండును. భారము పడినపిమ్మట తాడు సాగి సన్నబడును, నట్టులు వదులగును. అందుచే మరల బిగింపవలెను.

ఇంకొక సంగతి మన ఊహకు విరుద్ధముగా తోచును. బిగువైన తాడే క్షేమమని మనమందుము. లెక్క వేరు విధముగా చెప్పుచున్నది. 100 అడుగుల తాడు నడుమ 200 పౌనుల మనిషి నిలిచెననుకొందము. తాడు 5 అడుగులు దిగినచో దానిలోని లాగుడు ఇంచుమించు 1,000 పౌనులు. ఒక్క అడుగే దిగినచో 5,000 పౌనులు. 14,400లో నూటికి 80 వంతులనగా 11,520. ఐదింట ఒక వంతుకు మించి భారము మోపరాదనునది బరువులెత్తు పనులలో చిరకాలపు ఆచారము. ఆ వంతు 2,304. చూచువారికి వదులుగా కనబడు తాడు ఆ హద్దులో ఉన్నది. చక్కగా బిగిసి కనబడు తాడు దానిని దాటినది.

కట్టుటతో పని తీరదు. ఏడాదికి ఒకమారైనను నిపుణుడు వచ్చి పరీక్షింపవలెననియు, వాడుకకు ముందు అక్కడి సిబ్బంది చూడవలెననియు నియమము. తెగిన తీగ, త్రుప్పు, మెలి, వదులైన నట్టు, ఇవి వారు వెదకు దోషములు. చెట్లకు కట్టిన కోర్సులలో మరొక చిక్కు కలదు. చెట్టు పెరుగును, బోల్టును తనలోనికి మ్రింగును, లోపల పుచ్చినను పైకి పచ్చగా కనబడవచ్చును.

మన దేశమునను ఇట్టి క్రీడాస్థలములు వెలసినవి. పిల్లలను పంపు తలిదండ్రులు అడుగదగిన ప్రశ్నలు మూడు: దీనిని ఏ ప్రమాణము ననుసరించి కట్టిరి? కడపట పరీక్షించినదెవరు, ఎన్నడు? ఆ పరీక్ష వ్రాతలో ఉన్నదా? అడుగుట పిరికితనము కాదు. గీతపనివాడు మోకు తడిమి చూచుటను మనము పిరికితనమనము గదా.

తెలుగున 'ప్రమాణము' అను మాటకు కొలత అనియు, ఒట్టు అనియు రెండర్థములున్నవి. ఈ పనిలో రెండును ఒకటే. నట్టు బిగించువాడు తానెన్నడును చూడబోని బాలికకు ఒట్టు వేయుచున్నాడు.