గులాబి సాల్మన్: ఒడ్డున నిలిచి గాలం వేయువారికి తొలి పాఠాలు

(పాఠశాల ప్లాటినం జూబిలీ వేడుకల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



గౌతమీ తీరాన వెలసిన యానాంలో చేపను గూర్చి ప్రసంగించడం తాతకు దగ్గులు నేర్పడం వంటిదే. గోదావరికి ఎర్రనీరు తగలగానే పులస వచ్చినదా అని అడగని ఇల్లు ఈ ఊరిలో అరుదు. అయినను ఈనాటి ప్రసంగ విషయం పులసవలెనే సముద్రంలో పెరిగి, నదిలోనికి ఎదురీది వచ్చి గుడ్లు పెట్టే మరొక చేప. దాని పేరు పింక్ సాల్మన్. తెలుగులో గులాబి సాల్మన్ అనుకొనవచ్చు. మన బజారులలో ఇండియన్ సాల్మన్ అన్న పేరుతో అమ్మే చేపకు దీనితో బంధుత్వం లేదు.

గులాబి సాల్మన్ ఉత్తర పసిఫిక్ మహాసముద్రానికి చెందినది. అమెరికా పడమటి తీరాన వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్ నగరాన్ని ఒరుసుకొంటూ భూభాగంలోనికి చొచ్చుకొనివచ్చిన సముద్రపు పాయ ఒకటి ఉన్నది. దానిని ప్యూజెట్ సౌండ్ అంటారు. ఆ ప్రాంతంలో నేడు తెలుగు కుటుంబాలు అనేకం స్థిరపడి ఉన్నాయి. అక్కడ గాలం పట్టడం కొత్తగా నేర్చుకొనేవారికి తొలి గురువు ఈ చేపే. కారణాలు మూడు: వచ్చిన ఏడు లక్షలాదిగా వస్తుంది, ఒడ్డుకు చేరువగా ఈదుతుంది, ఎరను సులభంగా అందుకొంటుంది. పడవ అక్కరలేదు, పెద్ద ఖర్చు అక్కరలేదు. అయితే ఆ గురువు నేర్పే పాఠం గాలం విసరడంతో ముగియదు. అది గోదావరి ఒడ్డున ఉన్నవారికి కూడ పనికివచ్చే పాఠం.

గాలం చేతబట్టడానికి ముందు చేప జీవితాన్ని తెలుసుకొనవలసి ఉంటుంది. శరదృతువులో ఆడ సాల్మన్ నది అడుగున ఉన్న గులకరాళ్లను తోకతో తొలచి గుంట చేసి, అందులో సుమారు 1,200 నుండి 2,000 గుడ్లు పెట్టి, మరల రాళ్లు కప్పుతుంది. శీతకాలమంతయు ఆ గుడ్లు రాళ్ల సందులలో పారే చల్లని నీటిని ఆశ్రయించి ఉంటాయి. వసంతంలో అంగుళానికి కాస్త మించిన పిల్లలు బయటికి వచ్చి వెంటనే సముద్రం దారి పడతాయి. సాల్మన్ జాతులలో కొన్నింటి పిల్లలు ఏడాదికి పైగా మంచినీటిలోనే పెరుగుతాయి. గులాబి సాల్మన్ పిల్ల అట్లు ఆగదు. సముద్రంలో ఏడాదిన్నర తిరిగి, సుమారు రెండు కిలోల బరువుతో పుట్టిన నదివైపు మరలుతుంది. మంచినీటిలో ప్రవేశించిన తరువాత ఆహారం మానివేస్తుంది. మగచేపకు వీపున పెద్ద మూపురం లేస్తుంది. దాని శాస్త్రనామంలోని 'గోర్బూషా' గూనిని సూచించే రష్యన్ మాట నుండి వచ్చినదే. గుడ్లు పెట్టిన కొద్దిరోజులకు ఆడ, మగ రెండును మరణిస్తాయి. వాటి కళేబరాలు నదిలోని పురుగులకు, పక్షులకు, ఒడ్డున ఉన్న చెట్లకు సైతం పోషకాలవుతాయి.

దీని ఆయుర్దాయం కచ్చితంగా రెండేళ్లు. బేసి సంవత్సరంలో పుట్టినది బేసి సంవత్సరంలోనే తిరిగివస్తుంది. అందువలన ఒకే నదిలోనైనను బేసి ఏటి వంశం, సరి ఏటి వంశం కలియవు. ప్యూజెట్ సౌండ్ నదులలో బేసి ఏటి వంశమే బలమైనది. 2023లోను, 2025లోను వచ్చినవి అట్టివే. ఇతర సాల్మన్లు కొన్ని మూడేళ్లకు, కొన్ని నాలుగేళ్లకు, కొన్ని ఐదేళ్లకు తిరిగివస్తాయి గనుక ఒక ఏడు నష్టం కలిగినను మరొక ఏటివి కొంత పూడ్చుతాయి. గులాబి సాల్మన్‌కు ఆ వెసులుబాటు లేదు. ఒక ఏటి చేపలు గులకరాళ్ల దాకా చేరకపోతే రెండేళ్ల తరువాత ఆ నదికి రావలసినవే ఉండవు. గాలం పట్టువారు పాటించే కట్టుబాట్లన్నింటికి మూలం ఇక్కడ ఉన్నది.

ఇక సామగ్రి సంగతి. ఎనిమిది, తొమ్మిది అడుగుల తేలికపాటి గాలపు కర్ర, దానికి తగిన చిన్న రీలు, పది పౌనుల బరువును తట్టుకొనే దారం చాలును. ప్రాణమున్న ఎర అక్కరలేదు. లోహంతో చేసి గులాబి రంగు పూసిన కృత్రిమ ఎరలను వాడుతారు. వాటిలో బజ్ బాంబ్ అనే రకం ఆ తీరంలో ప్రసిద్ధం. గులాబి రంగు మీద అక్కడివారికి నమ్మకం మెండు. సముద్రంలో ఈ చేప తినే ఆహారంలో రొయ్యను పోలిన ఎర్రని చిన్న ప్రాణులు ఎక్కువగా ఉండడం అందుకొక కారణంగా చెబుతారు. వీటికి తోడు ఒక చేతివల, గాలం ఊడదీయడానికి పట్టకారు, మంచు నింపిన పెట్టె ఉండవలెను.

కాలం ఆగస్టు నడుమ నుండి సెప్టెంబరు మొదటి వారాల వరకు. వేళ తెల్లవారుజాము. చోటు సముద్రంలోనికి పొడుచుకొనివచ్చిన భూమికొనలు. నదికి మరలే చేపల గుంపులు అట్టి కొనల పక్కనుండి సాగిపోతాయి. సియాటిల్‌లోని లింకన్ పార్కు తీరం, కిట్సాప్ ద్వీపకల్పం కొసన ఉన్న పాయింట్ నో పాయింట్, విడ్బీ ద్వీపంలోని బుష్ పాయింట్ ఇందుకు పేరుపొందినవి. పోటు, ఆటుల వేళలను ముందుగా తెలుసుకొని, నీటికి కదలిక ఉన్న సమయంలో ఒడ్డుకు చేరడం మంచిది. గులాబి సాల్మన్లు తరచు నీటిపైకి ఎగిరిపడతాయి గనుక గుంపు ఎక్కడ ఉన్నదో, ఎటు సాగుతున్నదో కంటికే తెలుస్తుంది. ఎరను గుంపు మధ్యలో పడవేస్తే చేపలు బెదరుతాయి. గుంపు వెళ్లే దారికి ముందుగా, కాస్త ఆవలగా విసిరి, క్షణకాలం మునగనిచ్చి, నెమ్మదిగా చుట్టుతూ మధ్యమధ్య కర్రను కొద్దిగా ఎత్తి దించుతూ ఉండాలి. తొందరపడి వేగంగా చుట్టడం కొత్తవారిలో కనిపించే లక్షణం. ఈ చేప నోరు మెత్తన. అది ఎర అందుకొన్నప్పుడు గట్టిగా గుంజితే గాలం జారిపోతుంది. దారం బిగువు సడలకుండ, చేప లాగినప్పుడు ఇచ్చి, అలసినప్పుడు తీసుకొంటూ ఒడ్డుకు తేవలెను. దీని మాంసం త్వరగా మెత్తబడుతుంది గనుక, ఇంటికి తీసుకొనిపోదలచిన చేపను బాధ పొడిగించకుండ వెంటనే చంపి, మొప్పల వద్ద కోసి నెత్తురు పోనిచ్చి, మంచులో ఉంచడం అవసరం.

రద్దీ రోజులలో వందలమంది భుజానికి భుజం ఆనించి నిలుస్తారు. ప్రతివారును సూటిగా తమ ఎదుటికే విసురుతారు. ఒకరికి చేప తగిలినదని కేక వినిపించగానే పక్కవారు తమ దారాలను చుట్టుకొని దారి ఇస్తారు. ఈ మర్యాద పుస్తకంలో లేదు. అయినను దానిని పాటించనివారికి ఆ ఒడ్డున గౌరవం ఉండదు.

పుస్తకంలో ఉన్న నియమాలు వేరు. 15 ఏళ్లు నిండినవారందరు లైసెన్సు తీసుకొనవలెను. పట్టిన సాల్మన్‌ను వెంటనే నమోదు చేయవలెను. గాలపు మొనకు వెనుక ఉండే చిన్న ముల్లును తీసివేసిన గాలమే ఈ తీరంలో వాడవలెను; విడిచిపెట్టవలసిన చేపను గాయం పెద్దది కాకుండ విడిపించడానికి ఆ నియమం. రోజుకు ఎన్ని చేపలు, ఏ తీరాన, ఏ తేదీలలో అన్నది ఏటికేడు మారుతుంది గనుక, బయలుదేరే ముందు ఆ యేటి నిబంధనలు చదువుకొనడం తప్పనిసరి.

అదే తీరాన అదే కాలంలో చినూక్ అనే మరొక సాల్మన్ కూడ సంచరిస్తుంది. ప్యూజెట్ సౌండ్ చినూక్‌ను 1999లో ఆపదలో ఉన్న జాతిగా ప్రకటించి చట్టరక్షణ కల్పించారు. అందువలన చేపను పోల్చుకొనడం నేర్వనివారు గాలం వేయరాదు. గులాబి సాల్మన్ తోకపై పెద్దవైన, కోలగా ఉన్న నల్లమచ్చలు తోక రెండు పాయలమీదను ఉంటాయి. పొలుసులు మిక్కిలి చిన్నవి. చినూక్ మచ్చలు చిన్నవి, దాని నోటి చిగుళ్లు నలుపు. విడువవలసిన చేపను నీటిలో ఉండగానే విడిపించడం ఉత్తమం.

ఇన్ని కట్టుబాట్లు ఎందుకన్న సందేహం పిల్లలకు కలగవచ్చు. చరిత్ర దానికి సమాధానం చెబుతుంది. కెనడాలోని ఫ్రేజర్ నదిపై హెల్స్ గేట్ అనే ఇరుకైన లోయ ఉన్నది. 1913లో అక్కడ రైలుమార్గం నిర్మిస్తూ పగులగొట్టిన రాళ్లను నదిలో పడవేశారు. 1914లో కొండచరియ కూడ విరిగిపడినది. నీటి వేగం పెరిగి చేపలు పైకి ఎక్కలేకపోయాయి. 1913 బేసి సంవత్సరం. గులాబి సాల్మన్ వంశం వచ్చే ఏడే అది. లోయకు ఎగువన ఆ వంశం దరిదాపుగా కనుమరుగైనది. 1940లలో చేపలు మెట్లమెట్లుగా ఎక్కిపోవడానికి వీలుగా కాంక్రీటు దారులు నిర్మించిన తరువాత గాని అవి ఎగువ నీళ్లకు క్రమంగా తిరిగి రాలేదు. అంటే ఒక్క ఏడు జరిగిన నష్టాన్ని సవరించడానికి మూడు దశాబ్దాలకు పైగా పట్టినది.

వాషింగ్టన్ రాష్ట్రంలోనే ఎల్వా నదిపై 1913 నాటికి ఒక ఆనకట్ట, 1927 నాటికి మరొకటి నిర్మించారు. చేపలకు దారి విడువలేదు. సముద్రం నుండి వచ్చిన సాల్మన్లకు నదీముఖాన ఎనిమిది కిలోమీటర్ల మేర మాత్రమే మిగిలినది. తరతరాలుగా ఆ చేపపై ఆధారపడిన క్లాలమ్ ఆదివాసులు దశాబ్దాల తరబడి పోరాడారు. 2011లో ఆనకట్టల తొలగింపు మొదలై 2014లో పూర్తి అయినది. నది తేరుకొనడానికి వేట నిలిపివేశారు; ఆదివాసులు కూడ అందుకు అంగీకరించారు. 2023లో కోహో అనే జాతి సాల్మన్‌ను పరిమితంగా పట్టుకొనడానికి వారికి మొదటిసారి వీలు కలిగినది. చేపమీద అందరికంటె ఎక్కువ హక్కున్నవారే పన్నెండేళ్లు ఆగారు.

ఇక గోదావరి మాట. ధవళేశ్వరం వద్ద ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన ఆనకట్ట 1852లో పూర్తి అయినది. దాని స్థానంలో నిర్మించిన బ్యారేజి 1982లో పూర్తి అయినది. డెల్టాకు అన్నం పెట్టినది ఆ కట్టడమే. దానిని తప్పుపట్టడం ఎవరికిని తగదు. అయితే ఒకప్పుడు నదిలో ఎంతో ఎగువకు ఈదిన పులసకు దారి అక్కడితో మూసుకొన్నదన్నది కూడ సత్యమే. గంగానదిపై 1975లో ఫరక్కా బ్యారేజి పనిచేయడం ఆరంభించిన తరువాత ఎగువన ఇదే చేపకు ఇదే గతి పట్టినది.

పులస గులాబి సాల్మన్‌వలె గుడ్లు పెట్టి మరణించదు. తిరిగి సముద్రానికి పోయి, మరల రాగలదు. ప్రకృతి దానికి రెండవ అవకాశం ఇచ్చినది. మనుష్యులే ఇవ్వడం లేదు. పుస్తెలమ్మియైనా పులస తినాలన్న సామెత పుట్టిన ప్రాంతంలో, గుడ్లతో నిండి ఎదురీదే చేపకే ధర ఎక్కువ. ఒక్క చేప వేలంలో వేల రూపాయలు పలుకుతున్నది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రపు వేటపై నిషేధం అమలులో ఉన్నది. పులస నదిలోనికి వచ్చేది మాత్రం ఆ తరువాత, జూలై నుండి సెప్టెంబరు వరకు. సముద్రానికి ఉన్న సెలవు నదిలోని తల్లిచేపకు అందడం లేదు.

దీనికి మత్స్యకారులను నిందించడం న్యాయం కాదు. వారి ఇంటి పొయ్యి వెలగడానికి ఆ వలయే ఆధారం. బంగ్లాదేశ్‌లో ఈ చేప గుడ్లు పెట్టే అక్టోబరు మాసంలో 22 రోజులు వేట నిలుపుతారు. పిల్లచేపలను కాపాడడానికి మరికొన్ని నెలలు కట్టడి ఉంటుంది. ఆ కాలంలో మత్స్యకార కుటుంబాలకు ప్రభుత్వం బియ్యం అందిస్తుంది. నిషేధంతోపాటు అన్నం కూడ ఆలోచించినప్పుడే ఆ కట్టుబాటు నిలుస్తుంది. గోదావరి పాయలలో అట్టి ఏర్పాటు అవసరమా, ఎట్లు సాధ్యమన్నది యానాం పెద్దలు, మత్స్యకార సంఘాలు, తల్లిదండ్రులు కలిసి ఆలోచించవలసిన విషయం. పులసను ఎరుగని మనుమలు ఈ ఊరిలో పెరిగే రోజు రాకూడదనుకొంటే, ఆలోచనకు ఇదే అదను.

ఉపాధ్యాయులు ఈ పాఠాన్ని నల్లబల్ల వద్ద ఆపక, పిల్లలను రేవుకు తీసుకొనిపోయి అక్కడి పెద్దల నోట వినిపింపజేయవలెను. ఏ నెలలో ఏ చేప వస్తుంది, ఏది గుడ్లతో ఉన్నది, ఏది పిల్ల అన్నది వలపట్టిన చేతులకు తెలిసినంత ఏ గ్రంథంలోను లేదు. ఆ జ్ఞానాన్ని తెలుగులో రాసి ఉంచడం తెలుగు మాధ్యమ పాఠశాల చేయదగిన సేవ. దూరదేశాలలో ఉన్న పూర్వ విద్యార్థులు ఏ ఒడ్డున గాలం పట్టినను అక్కడి నియమం చదివి, చేపను పోల్చుకొని, పరిమితి నిండగానే కర్రను మడవవలెను. చిరంజీవులు మొదటి చేపను పట్టిన ఆనందంతోపాటు మొదటి చేపను విడిచిన తృప్తిని కూడ ఎరుగుదురు గాక.

డెబ్బది ఐదేళ్లుగా ఈ పాఠశాల ఎందరినో సముద్రాల కావలికి పంపినది; వారిలో కొందరు నేడు ఈ ప్రాంగణానికి ఎదురీది వచ్చారు. వారికి స్వాగతం. గౌతమికి ఎదురీది వచ్చే ఆ వెండిచేపకు కూడ ఏటేటా ఇట్టి స్వాగతమే లభించుగాక.

శుభం భూయాత్.